టీపాట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అమ్మ

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో 'టీ' అనే మాటని మేం రెండుసార్లు తప్పుగా అర్థం చేసుకున్నాం. మొదటిసారి లీడ్స్‌లో. మా ఆయన ఆఫీసులో ఒకాయన "శనివారం అయిదింటికి మా ఇంటికి టీకి రండి, పాపని కూడా తీసుకురండి" అన్నాడు. మనకి టీకి రమ్మంటే ఏముంటుంది? ఒక కప్పు, రెండు బిస్కెట్లు, అరగంట కబుర్లు. అందుకని మధ్యాహ్నం మూడింటికి పప్పు, వంకాయ కూర, పెరుగు వేసుకుని కడుపునిండా తిని వెళ్లాం. అక్కడ చూస్తే బల్ల మీద ప్లేట్లు, ఫోర్కులు, ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన బంగాళదుంపల వంటకం, ఉడికించిన బఠాణీలు. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లలో టీ అంటే సాయంత్రం భోజనమే. స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు "టీకి ఏం చేశావు?" అని తల్లిని అడుగుతారు. ఆ ఇల్లాలు మేం శాకాహారులమని తెలుసుకుని, మా కోసం విడిగా వండింది. మేం రెండు ముద్దలు కూడా సరిగా తినలేకపోయాం. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి లండన్‌లో, మా పెళ్లిరోజుకి. ఒక పెద్ద హోటల్లో మూడంతస్తుల స్టాండు మీద సాండ్‌విచ్‌లు, స్కోన్లు అనే చిన్న గుండ్రటి రొట్టెలు, చిన్న చిన్న కేకులు పెట్టి తెచ్చారు. కింద నుంచి పైకి తినాలని వెయిటర్ చెప్పాడు. బాగుంది, ఫొటోలు తీసుకున్నాం. బ్రిటిష్ వాళ్ల ఆఫ్టర్‌నూన్ టీ అంటే ఇదేనని చాలాకాలం అనుకున్నాను.

అది కాదని నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్ జిల్లాకి వచ్చాక తెలిసింది.

మేం అక్కడి ఎక్సెటర్‌లో ఇల్లు తీసుకుని ఆరేళ్లయింది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. 1944లో పుట్టింది. ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మేం సామాన్లు దింపుతున్న రోజునే ట్రేలో నాలుగు మగ్గులు పెట్టుకుని గేటు దగ్గరకి వచ్చింది. రెండు మాకు, రెండు లారీ వాళ్లకి. ఇక్కడ అదొక మర్యాద. బాయిలర్ బాగుచేయడానికి వచ్చినా, కుళాయి బిగించడానికి వచ్చినా, మనిషి గుమ్మంలోకి రాగానే "టీ తాగుతారా, చక్కెర ఎన్ని చెంచాలు?" అని అడగాలి. చిక్కగా, పాలు పోసి, పెద్ద మగ్గులో ఇవ్వాలి. దాన్ని 'బిల్డర్స్ టీ' అంటారు. ఈ దేశంలో రోజూ నడిచేది ఆ మగ్గు టీయే. సాసర్లూ, స్టాండ్లూ ఎప్పుడో ఒకసారి.

వచ్చిన నెలకి ఆవిడ మమ్మల్ని ఆదివారం మూడున్నరకి పిలిచింది. లీడ్స్ అనుభవం గుర్తొచ్చి, టెన్షన్‌తో మధ్యాహ్నం ఏమీ తినకుండా వెళ్లాం. ముందుగదిలో సోఫాల మధ్య ఒక పొట్టి బల్ల. దాని మీద తెల్లటి గుడ్డ. పూలబొమ్మల కప్పులు, సాసర్లు, పాల జగ్గు, చక్కెర గిన్నె, స్ట్రైనర్, వేడినీళ్లకి విడిగా ఒక జగ్గు. మధ్యలో లావుపాటి టీపాట్, దానికి ఉన్నితో అల్లిన తొడుగు, చలికాలం పిల్లలకి టోపీ పెట్టినట్టు. దాన్ని టీ కోజీ అంటారు. ఒక పళ్లెంలో అంచులు తీసేసి వేలంత సన్నగా కోసిన కీరదోసకాయ సాండ్‌విచ్‌లు. ఇంకో పళ్లెంలో స్కోన్లు, ఎర్రటి స్ట్రాబెర్రీ జామ్, ఒక గిన్నె నిండా క్లాటెడ్ క్రీమ్. కేకు కిటికీ దగ్గర మూతపెట్టి ఉంది. మూడంతస్తుల స్టాండు లేదు.

అందరం కూర్చున్నాక ఆవిడ టీపాట్ పిడి మీద చెయ్యి వేసి "షల్ ఐ బీ మదర్?" అంది.

నాకు అర్థం కాలేదు. నేను అమ్మనవ్వనా? ఎవరికి? ఆవిడ నవ్వి చెప్పింది. అందరికీ టీ పోసే బాధ్యత ఎవరు తీసుకుంటే వాళ్లు ఆ బల్ల దగ్గర అమ్మ. మగవాళ్లయినా సరే, చిన్నపిల్లలయినా సరే, అదే మాట అంటారు. వాళ్లింట్లో ప్రతి ఆదివారం అమ్మ అయ్యేది వాళ్లాయనేనట. ఆయన పోయి పదకొండేళ్లయింది. "ఇప్పుడు నేనే అవ్వాలి కదా" అని, మా కప్పుల్లో వరసగా పోసి, తన కప్పు కూడా మా అందరితోపాటే నింపుకుంది.

ఆ కప్పు దగ్గర నా మనసు ఆగిపోయింది. తణుకు దగ్గర మా ఊళ్లో సాయంత్రం టీ నాకు బాగా గుర్తు. అమ్మ పొయ్యి దగ్గర నుంచుని గిన్నెలో పాలు, టీపొడి, చక్కెర కలిపి పొంగనిచ్చి, వడగట్టి, నాన్నకి, తాతయ్యకి, వచ్చినవాళ్లకి, మాకు ఇచ్చేది. తను ఎప్పుడు తాగేదో నేను చూడలేదు. గిన్నె అడుగున మిగిలింది గ్లాసులో పోసుకుని, వంటింటి గడపకి ఆనుకుని, నుంచునే తాగేదని పెద్దయ్యాక ఎప్పుడో తెలిసింది.

ఆ తర్వాత నేను ఆవిడ దగ్గర ఈ పని మొత్తం నేర్చుకున్నాను. రెండు శీతాకాలాలు పట్టింది.

ముందు టీ. మనలా మరగబెట్టకూడదు. ఖాళీ పాట్‌లో కాస్త వేడినీళ్లు పోసి, తిప్పి, పారబోయాలి. పాట్ చల్లగా ఉంటే నీళ్ల వేడి లాగేస్తుంది, ఆకు సరిగా దిగదు. తర్వాత మనిషికి ఒక చెంచా, పాట్ కోసం ఇంకో చెంచా చొప్పున ఆకు వేసి, తెర్లుతున్న నీళ్లు పోసి, కోజీ తొడిగి నాలుగు నిమిషాలు వదిలేయాలి. నీళ్లు కూడా ముఖ్యమే. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ, టీ మీద తెట్టు కడుతుంది. ఇక్కడి నీళ్లు తేలిక, రంగు శుభ్రంగా దిగుతుంది. పాలు ముందా, టీ ముందా అన్నది వీళ్లకి నిజంగా పెద్ద చర్చ. 1980లో బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థ టీ రుచి పరీక్షలకి ఎలా తయారు చేయాలో ఒక ప్రమాణమే రాసింది. మా పెద్దావిడ టీ పోశాకే పాలు పోస్తుంది. రంగు చూసి ఎన్ని పాలు కావాలో తెలుస్తుందంటుంది. నాకూ అదే సబబు అనిపించింది.

స్కోన్లు మాత్రం నన్ను బాగా ఏడిపించాయి. 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా), 55 గ్రాముల చల్లటి వెన్న, 25 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, 150 మిల్లీలీటర్ల పాలు. చూడటానికి ఇంతే. వెన్నని వేళ్ల కొసలతో పిండిలో నలపాలి, బొంబాయి రవ్వలా అయ్యేదాకా. పాలు పోశాక ముద్ద అయితే చాలు, ఆపేయాలి. నేను అలవాటు కొద్దీ చపాతీ పిండిలా అయిదు నిమిషాలు పిసికాను. ఓవెన్‌లోంచి తీస్తే పెంకుల్లా వచ్చాయి. రెండోసారి పిసకలేదు కానీ, గుండ్రటి అచ్చుని నొక్కి తిప్పాను. అంచులు మూసుకుపోయి ఒకవైపుకి వాలిపోయాయి. అచ్చుని నిటారుగా నొక్కి, తిప్పకుండా పైకి తీయాలి. పిండి రెండున్నర సెంటీమీటర్ల మందం ఉండాలి, అంతకంటే పల్చన చేస్తే పొంగవు. ఓవెన్ ముందే 220 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. నాలుగోసారికి నడుము దగ్గర చీలి నిలువుగా లేచాయి. అలా చీలితే కత్తి అక్కర్లేదు, చేత్తోనే రెండు ముక్కలవుతాయి.

మాకు ఇందులో ఇంకో సౌకర్యం దొరికింది. స్కోన్లలో గుడ్డు లేకపోయినా ఫర్వాలేదు. చాలామంది పైన మెరుపు కోసం గుడ్డు రాస్తారు, దాని బదులు పాలు రాస్తే సరిపోతుంది. పిండిలో పాలకి బదులు మజ్జిగ పోస్తే ఇంకా గుల్లగా వస్తాయి. అమ్మావాళ్లు వస్తే పెట్టవచ్చు అని అప్పుడే అనుకున్నాను.

మొన్న మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేశారు. పక్కింటావిడ కూడా టీచరే అనేసరికి నాన్నకి ఎక్కడలేని గౌరవం కలిగింది. అమ్మ రెండో రోజే ఆవిడని 'వదినగారు' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ మాట అర్థం చెప్తే ఆవిడ మురిసిపోయి, పలకడం నేర్చుకుని, అమ్మని కూడా 'వదినగారూ' అనేది. అమ్మకి ఇంగ్లీషు నాలుగు ముక్కలు, ఆవిడకి తెలుగు ఒకటే మాట. కంచె దగ్గర నుంచుని అరగంట మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు.

జూన్‌లో ఒక ఆదివారం మా ఇంట్లో టీ పెట్టుకున్నాం. నేనే పిలిచాను.

పొద్దున్నే పని మొదలైంది. కీరదోసకాయని కాగితంలా కోసి, ఉప్పు చల్లి, అరగంట జల్లెడలో ఉంచి నీరంతా దింపి, గుడ్డ మీద ఆరబెట్టాను. బ్రెడ్‌కి అంచు దాకా వెన్న రాయాలి. అది రుచి కోసమే కాదు, తడి బ్రెడ్‌లోకి దిగకుండా కాపాడుతుంది. ఇంకో పళ్లేనికి చీజ్, మామిడి చట్నీ. ఇక్కడి మామిడి చట్నీ తియ్యగా ఉంటుంది, మన మాగాయ లాంటిది కాదు. అమ్మ ఊరి నుంచి తెచ్చిన జంతికలు ఒక గిన్నెలో పోసి బల్ల మీద పెట్టింది. వద్దనలేదు. కేకు పక్కింటావిడ తెస్తానంది, అమ్మ కోసం గుడ్డు లేకుండా పెరుగుతో చేసింది. మామూలుగా ఆవిడ విక్టోరియా స్పాంజ్ చేసేటప్పుడు ముందు గుడ్లని తూకం వేస్తుంది, అవి ఎంత తూగితే అంత వెన్న, అంత చక్కెర, అంత పిండి. ఆ లెక్క వదిలేసి కొత్తగా చేయడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

క్లాటెడ్ క్రీమ్ గిన్నె మూత తీయగానే అమ్మ ఆగిపోయింది. పైన పసుపుపచ్చ పొర, కింద దళసరి తెల్లటి మీగడ. "ఇది దాలి మీద మీగడే!" అంది. మా అమ్మమ్మగారింట్లో పిడకలు పేర్చిన దాలిలో పాలకుండ పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగనిచ్చేవాళ్లట. కుండ మూత తీస్తే ఎర్రటి మీగడ అట్టులా లేచేదట. ఇది కూడా అంతే. మీగడపాలని గంటల తరబడి సన్నటి వేడి మీద ఉంచి, కదపకుండా చల్లారనిస్తారు, పైన గట్టిపడిన పొర తీస్తారు. నేను పక్కింటావిడకి దాలి గురించి చెప్తే, వాళ్ల నాయనమ్మ కూడా పాల పళ్లేలని పొయ్యి మీద ఒక వారకి పెట్టి రాత్రంతా వదిలేసేదని చెప్పింది. ఇద్దరూ ఆ గిన్నెలోకి వంగి చూసుకుంటూ తలలూపుకున్నారు. నేను మాట మార్చి చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

స్కోన్ మీద ముందు క్రీమ్ రాయాలి, తర్వాత జామ్. ఇది డెవన్ పద్ధతి. పక్కనే కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్ రాస్తారు, పైన క్రీమ్. రెండు జిల్లాల మధ్య ఇది తరాల నాటి తగువు. ఆవిడ డెవన్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఈ విషయంలో మాత్రం సర్దుకోదు. "క్రీమ్ వెన్నలాంటిది. వెన్న ముందు రాస్తాం కదా?" అంటుంది. నాన్న ఆ తర్కం బాగుందన్నారు.

అంతా అమర్చాక అందరం కూర్చున్నాం, అమ్మ తప్ప. వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. "మీరు కానివ్వండి, నేను వస్తాను" అంది. మేం మొదలుపెట్టబోయాం. పక్కింటావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోలేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. టీ ఎక్కువ దిగిపోతుందని నాకు కంగారు. చివరికి ఆవిడే లేచి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి "వదినగారూ" అని పిలిచింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ తన పక్క కుర్చీ చూపించి, టీపాట్ పిడి అమ్మ వైపు తిప్పింది.

నేను అమ్మకి ఆ మాట అర్థం చెప్పాను. పోసేవాళ్లని ఇక్కడ అమ్మ అంటారని.

"మరి నేను అమ్మనే కదా" అంది అమ్మ.

కూర్చునే పోసింది. కూర్చుని టీ పోయడం ఆవిడకి అదే మొదటిసారి అనుకుంటాను. చెయ్యి కొంచెం వణికింది, పాట్ బరువు. నాన్నకి, వదినగారికి, అల్లుడికి, మనవరాలికి పాలల్లో రెండు చుక్కలు, నాకు. పాట్ పక్కన పెట్టేయబోతే పక్కింటావిడ వేలితో అమ్మ కప్పు చూపించింది. అమ్మ పోసుకుంది.

రుచి గురించి నిజం చెప్పాలంటే అమ్మకి ఆ టీ నచ్చలేదు. "కాచకుండా చల్లటి పాలు పోస్తే పచ్చివాసన రాదా?" అంది. అలా అంటుందని ముందే అనుకుని నేను ఆ రోజు అస్సాం ఆకు వాడాను, అది పాలకి తట్టుకుంటుంది. అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలం వేసింది 1839లో. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1840 ప్రాంతంలో, బెడ్‌ఫర్డ్ ఏడో డచెస్ ఆనా మరియా ఈ మధ్యాహ్నం టీని మొదలుపెట్టిందని చెప్తారు. పెద్దింటివాళ్ల రాత్రి భోజనం ఆలస్యమై, సాయంత్రానికి నీరసం వచ్చేదట. టీ, బ్రెడ్డు, వెన్న గదికి తెప్పించుకుని, తర్వాత స్నేహితురాళ్లని కూడా పిలవడం మొదలుపెట్టిందట. పక్కింటావిడ ఆ కథ చెప్తుంటే నాన్న శ్రద్ధగా విని, అస్సాం తోటలకి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసుకెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారని చెప్పారు. ఆవిడకి ఆ సంగతి తెలియదట. కాసేపు కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

తర్వాత తన చిన్నతనం చెప్పింది. యుద్ధం వల్ల 1940లో టీకి రేషన్ పెట్టారు. మామూలుగా మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. అది 1952 దాకా సాగింది. వాళ్లమ్మ టీ డబ్బాని పై అరలో పెట్టేదట. వారమంతా ఒకసారి వాడిన ఆకులోనే మళ్లీ నీళ్లు పోసి తాగి, ఆదివారం మాత్రం కొత్త ఆకు వేసేదట. "అందుకే ఆదివారం టీకి మేమెవరం లేటుగా వచ్చేవాళ్లం కాదు" అంది.

నాన్న అప్పటికి తన టీని సాసర్‌లో పోసుకుని చల్లార్చుకుంటున్నారు. నేను చూసి కళ్లతో సైగ చేశాను. పక్కింటావిడ నా సైగ చూసేసింది. వాళ్ల తాతయ్య కూడా అలాగే తాగేవాడని, పాతకాలంలో ఇక్కడ చాలామందికి అదే అలవాటని చెప్పింది. నాన్న నా వైపు చూసి, సాసర్ ఎత్తి హాయిగా తాగారు. నేను ఆ సైగ చేయకుండా ఉండాల్సింది.

వాళ్లాయన గురించి నాన్నకి చెప్పింది ఆ రోజే. నలభై ఏళ్లు ప్రతి ఆదివారం ఆయనే పాట్ పట్టుకునేవాడట. "మగాయన, నేను అమ్మనవ్వనా అనేవారా?" అని నాన్న నన్ను రెండుసార్లు అడిగారు. అనేవాడని ఆవిడ చెప్పింది. నాన్న ఇంకేమీ అనలేదు. కాసేపటికి ఒక జంతిక తీసుకున్నారు.

ఆ తర్వాత వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆదివారాలు అలాగే గడిచాయి, ఒకసారి మా ఇంట్లో, ఒకసారి వాళ్లింట్లో. అన్నిసార్లూ స్కోన్లు, కేకులు లేవు. ఒక్కోసారి వట్టి బ్రెడ్డూ వెన్నా, ఒక్కోసారి అమ్మ చేసిన ఉప్మా. మా పాప ఒకరోజు "షల్ ఐ బీ మదర్?" అని రెండు చేతులతో పాట్ ఎత్తింది. గుడ్డంతా తడిసింది, ఎవరూ ఏమీ అనలేదు. నవంబర్‌లో వాళ్లు వెళ్లేటప్పుడు పక్కింటావిడ ఒక కోజీ అల్లి ఇచ్చింది, పసుపు, ఆకుపచ్చ చారలతో. అమ్మ దాన్ని చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్లింది.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున పదిన్నరకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగు. అమ్మ ఫోన్ ఎత్తింది కానీ మాట్లాడే తీరికలో లేదు.

"ఉండవే, మళ్లీ చేస్తాను. టీకి కూర్చున్నాను" అంది. "మీ నాన్న పోస్తున్నారు."